తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో సరుకు రవాణా

దక్షిణ రాయలసీమలోని తిరుపతి, చిత్తూరు ప్రాంతం చెన్నై, బెంగళూరు నగరాల నడుమ, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకొని ఉండటం వల్ల ఇక్కడి సరుకుకు రాష్ట్ర రాజధాని కంటే పొరుగు రాష్ట్రాల నగరాలే దగ్గర. కర్నూలు నుంచి కడప, పీలేరు మీదుగా వచ్చే 40వ నంబరు జాతీయ రహదారి చిత్తూరు దాటి రాణిపేట వైపు సాగుతుంది. మదనపల్లెలో మొదలయ్యే 71వ నంబరు రహదారి తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి కోల్‌కతా-చెన్నై రహదారిలో కలుస్తుంది. ముంబయి-చెన్నై రైలు మార్గం, గూడూరు-కాట్పాడి మార్గం రేణిగుంట జంక్షన్‌లో కలుసుకుంటాయి. ఈ రెండు జిల్లాల సరుకు ఓడ ఎక్కవలసి వస్తే ఎక్కువగా చెన్నై రేవుకే వెళ్తుంది.

ఏ సరుకును ఏ వాహనంలో, ఏ దారిన పంపాలో, మధ్యలో ఎక్కడ నిలవ ఉంచాలో ముందే లెక్క కట్టుకోవడాన్ని పంపిణీ ప్రణాళిక అంటారు. ఈ లెక్కలో దూరానికీ బాడుగకూ ఎంత విలువ ఉందో సరుకు ఎన్నాళ్లు ఆగుతుందన్న దానికీ అంతే విలువ ఉంది. చిత్తూరు మామిడిని చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. కోసిన తోతాపురి రకం కాయ కొద్ది రోజులకు మించి ఆగదు కాబట్టి తోటలోంచి ట్రాక్టరులోనో లారీలోనో నేరుగా ర్యాంపుకు, అంటే కాయను తూకం వేసి కొనే చోటికి, లేదా గుజ్జు ఫ్యాక్టరీకి చేరాలి. అక్కడ గుజ్జును వేడి చేసి, క్రిములు లేని సంచిలో నింపి, ఆ సంచిని ఇనుప డ్రమ్ములో పెట్టి మూత బిగిస్తారు. దీనిని ఎసెప్టిక్ ప్యాకింగ్ అంటారు. అలా నింపిన గుజ్జు చల్లని గిడ్డంగి అక్కర లేకుండానే ఏడాదికి పైగా నిలవ ఉంటుంది. ఒక్కో డ్రమ్ములో సుమారు 215 కిలోలు పడతాయి, 20 అడుగుల కంటెయినరులో 80 డ్రమ్ములు ఎక్కుతాయి. తోటలో గంటల లెక్కన పరుగులు పెట్టిన సరుకు డ్రమ్ములోకి చేరాక సౌదీ అరేబియాకో నెదర్లాండ్స్‌కో వెళ్లే ఓడ కోసం తీరిగ్గా ఎదురు చూడగలదు.

అయితే ఫ్యాక్టరీ రోజుకు ఆడించగలిగిన టన్నులకు హద్దు ఉంటుంది, కాయ మాత్రం ఒక్కసారే కోతకు వస్తుంది. 2025 సీజన్‌లో ధర కుప్పకూలినప్పుడు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు, పొరుగు రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆంక్ష పెట్టగా కర్ణాటక ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. రవాణా సమస్యగా కనిపించినా నిజానికి అది దించుకునే చోటు చాలకపోవడం వల్ల వచ్చిన చిక్కు, దానికి లారీలు పెంచి ప్రయోజనం లేదు.

ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో భాగమైన మదనపల్లె దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. క్రేట్లలో పోసిన కాయ వేలంలో అమ్ముడైన వెంటనే లారీ ఎక్కుతుంది. పాకాల-ధర్మవరం రైలు మార్గంలో మదనపల్లె రోడ్డు స్టేషను ఉన్నా టమాటా రోడ్డునే నమ్ముకుంది. ఏ ఊళ్లో ధర బాగుంటే లారీ ఆ ఊరికి మళ్లగలదు, రైలుకు ఆ వెసులుబాటు లేదు.

పాల విషయంలో లెక్క తిరగబడుతుంది. దూరం ఎక్కువ, గమ్యం ఒక్కటే, రోజూ వెళ్లే పరిమాణం దాదాపు స్థిరం కాబట్టి ఇక్కడ రైలే మేలు. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లను మొదట ప్రయాణికుల రైళ్లకు తగిలించి పంపేవారు. 2020లో లాక్‌డౌన్ వల్ల ఆ రైళ్లు ఆగిపోగా, మార్చి 26 నుంచి దక్షిణ మధ్య రైల్వే దూద్ దురంతో పేరుతో ప్రత్యేక రైలు నడిపింది. ఒక్కొక్కటి 40,000 లీటర్లు పట్టే ఆరు ట్యాంకర్లతో ఒక్క రైలు 2.40 లక్షల లీటర్లను సుమారు 2,300 కిలోమీటర్ల దూరంలోని హజ్రత్ నిజాముద్దీన్ స్టేషనుకు చేర్చింది.

సరిహద్దు ప్రాంతం కావడంతో ఇక్కడి లారీలకు చెక్‌పోస్టుల దగ్గర పడిగాపులు మామూలుగా ఉండేవి. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చాక పన్ను తనిఖీ కేంద్రాలు ఎత్తేశారు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య వెళ్లే, 50,000 రూపాయలకు మించిన సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. తాజా పండ్లకు, కూరగాయలకు, పాలకు దీని నుంచి మినహాయింపు ఉంది, మామిడి గుజ్జుకు లేదు. దారిలో కాలం కలిసొచ్చినా ఖాళీగా తిరిగి రావడమనే పాత బెడద లారీ యజమానికి తీరలేదు. రిటర్న్ లోడు దొరకకపోతే ఆ నష్టం కూడా పోయేటప్పటి బాడుగలోనే కలుస్తుంది.

తిరుమల అవసరాలది వేరే తీరు. కొండ మీదికి రైలు మార్గం లేదు కాబట్టి లడ్డూకు కావలసిన నెయ్యి, శనగపప్పు, చక్కెర, జీడిపప్పు, అన్నప్రసాదానికి బియ్యం, కూరగాయలు అన్నీ ఘాట్ రోడ్డు మీదనే ఎక్కాలి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి వాడుకలో ఉన్నాయి. దేశంలో ఎక్కడి నుంచి ఎంత వేగంగా సరుకు వచ్చినా ఈ చివరి మజిలీలో భక్తుల బస్సులతో, కార్లతో పాటే మలుపులు తిరుగుతూ ఎక్కక తప్పదు.