భాగ్యనగరమునందలి శాస్త్రపరిశోధనము - దేశభాష

భాగ్యనగరమున శాస్త్రపరిశోధన మనగానే నేటి విద్యార్థికి నగరమునకు పడమట నున్న మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములు తోచును. 1998వ సంవత్సరము నవంబరు నెలలో మాదాపురమున సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభింపబడినది. ఆ సంవత్సరముననే గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. నాటినుండి గ్రామములుగా నుండిన ఆ ప్రాంతములకు హైటెక్ సిటీ, సైబరాబాదు అను నామములు రూఢమైనవి. ఈ వైభవమును చూచి, నగరమున పరిశోధన మిరువదిముప్పది యేండ్ల నాటిదని తలచుట పొరపాటు. దానికి నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్ర నంతయు చెప్పుట ఈ వ్యాసమున నుద్దేశింపబడలేదు. ఇచ్చట జరిగిన పరిశోధనము ఏ భాషలో నిలిచినది, దాని ఫల మెవరికి చేరినది యను నొక్క విషయమే విచారింపబడును.

మొదట వైద్యమును చూతము. హైదరాబాదు వైద్యపాఠశాల 1846లో స్థాపింపబడినది. అందు మొదట నుర్దూ భాషలో బోధన జరిగెను. తరువాత ఇంగ్లీషు వచ్చెను. ఆ పాఠశాలకు ప్రధానాధ్యాపకుడైన ఎడ్వర్డు లారీ, శస్త్రచికిత్సలో రోగికి మత్తు గలిగించు క్లోరోఫారమును గుఱించి యొక గొప్ప వివాదమును పైకెత్తుకొనెను. ఆ మందు వలన రోగి మరణించునప్పుడు ముందుగా నిలిచిపోవునది శ్వాసమా, గుండెయా? శ్వాసమే యని లారీ మతము. కావున వైద్యుడు నాడిని పట్టి చూడనక్కఱలేదు, ఊపిరిని కనిపెట్టియుండిన చాలు నని యాతడు తన గురువగు జేమ్సు సైముయొక్క సంప్రదాయము ననుసరించి వాదించెను. దీనిని తేల్చుటకు 1888లో నొకటి, 1889లో నొకటి, రెండు పరిశోధకసంఘము లేర్పడెను. రెండవదానికై లండనునందలి లాన్సెట్ వైద్యపత్రిక తన ప్రతినిధిని పంపుటకు నిజాము మహబూబు అలీఖాను వేయి పౌనులిచ్చెను. లాడరు బ్రంటను అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. జంతువులపై పరీక్షలు జరిగెను. లారీ పక్షమే గెలిచినట్లు నిర్ణయమాయెను. కాని 1911లో గుడ్‌మన్ లీవీ యనునాతడు, క్లోరోఫారము గుండెను కంపింపజేసి యాకస్మికముగా నిలిపివేయగలదని నిరూపించెను. హైదరాబాదు నిర్ణయము నిలువలేదు. నిర్ణయము తప్పినను ప్రశ్న గొప్పది. ఆ ప్రశ్నను లోకము ముందు పెట్టినది ఈ నగరపు వైద్యశాల. అయినను ఆ పరీక్షల వృత్తాంతము లండనులో, ఇంగ్లీషున, అచ్చుపడెను. ఈ దేశపు భాషలు చదువువారికి దాని సంగతి తెలియరాలేదు.

పిమ్మట 1897 ఆగస్టు 20వ తేది. సికిందరాబాదు చేరువ బేగంపేటలో రొనాల్డు రాస్ అను సైన్యవైద్యుడు, చలిజ్వరముతో బాధపడు హుసేనుఖాను అను రోగిని కుట్టిన దోమను కోసి, దాని కడుపుగోడలో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూచెను. ఆ రోగికి కుట్టిన దోమ కొక యణా చొప్పున రాస్ చెల్లించెనని ప్రసిద్ధి. ఆ సంవత్సరము డిసెంబరులో ఈ సంగతి బ్రిటిషు మెడికల్ జర్నలులో ప్రకటింపబడెను. మఱుసటి యేడు కలకత్తాలో పక్షులపై జరిపిన పరీక్షలతో దోమవలననే ఆ జ్వరము సంక్రమించుననుట స్థిరపడెను. 1902లో రాస్‌కు నోబెలు బహుమాన మొసగబడెను. దోమ ఇచ్చటిది, జ్వరమిచ్చటిది, రక్తమిచ్చటి మనుష్యునిది. వ్రాత మాత్రము పరదేశమునకు పోయెను. చెడుగాలివలన జ్వరము వచ్చునను నమ్మకము మన పల్లెలలో పెక్కేండ్లు నిలిచియుండుటకు చదువులేమి యొక్కటే కారణము కాదు. చదివినవాడు చదువనివానికి చెప్పుటకు వలసిన పుస్తకము తనభాషలో లేకపోవుటయు కారణమే.

ఖగోళశాస్త్రమును చూడుడు. 1901లో నవాబు జఫరుజంగు స్వంతధనముతో నొక వేధశాలను నెలకొల్పెను. ఆయన 1907లో గతింపగా ప్రభుత్వము దానిని స్వీకరించెను. 1908లో అది బేగంపేటకు మాఱెను. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. ఆకాశమునంతయు ఛాయాచిత్రములలో పట్టి తారల స్థానములను లెక్కించుటకై 1887లో పారిసు నగరమున పలు దేశముల పండితులు కూడి తలపెట్టిన మహాకార్యమున, విషువద్వృత్తమునకు దక్షిణముగా 17 అంశలు మొదలు 23 అంశల వఱకు గల పట్టె మన నిజామియా వేధశాల పాలికి వచ్చెను. తుల, వృశ్చికము, ధనుస్సు, మకరము అను రాశుల భాగము లందు కలవు. అనూరాధలోని తారలలో రెండు మూడా పట్టెలోనివే. చాట్‌వుడ్డు, పోకాకు, భాస్కరను అను నధ్యక్షుల యేలుబడిలో ఏడులక్షలకు మించిన తారల స్థానములు లెక్కింపబడి పండ్రెండు సంపుటములుగా వెలువడెను. అంకెలకు భాష అక్కఱలేదందురు. నిజమే. కాని అనూరాధను పంచాంగమున నిత్యము చదువు సిద్ధాంతికి, ఆ తారలనే తన యూరిలోనే ఛాయాచిత్రములు తీసి కొలుచుచున్నారని చెప్పుటకు భాష కావలెను. ఆ వంతెన కట్టబడలేదు.

ఇట్లు పరిశోధన మొకవైపు సాగుచుండగా, విద్యను దేశభాషలోనికి దింపవలెనను యత్నములును ఈ నగరముననే జరిగెను. వానిలో మూడు ముఖ్యములు.

మొదటిది విజ్ఞానచంద్రికామండలి. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు 1906లో దీనిని హైదరాబాదున స్థాపించిరి. కొలది కాలమునకది మద్రాసునకు తరలినను, చరిత్రములతో పాటు శాస్త్రగ్రంథములను తెలుగున ప్రకటించుట దాని వ్రతము. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము 1910లో వెలువడినది ఈ మండలినుండియే. పిదప లక్ష్మణరావు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని 1923లో పరమపదించువఱకు శ్రమించెను. మూడు సంపుటములకును అది అకారము దాటలేదు. ఒక్కరి యాయువుతో ముగియు పని కాదని దీనివలన తెలియుచున్నది.

రెండవది ఉస్మానియా విశ్వవిద్యాలయము. 1917 ఏప్రిల్ 26వ తేది ఫర్మానా ననుసరించి 1918లో ఇది యేర్పడెను. గణితము మొదలు వైద్యము వఱకు ఉర్దూ భాషలో బోధింప నిశ్చయించి, దారుల్ తర్జుమా యను భాషాంతరీకరణశాలను ముందుగనే నెలకొల్పిరి. అందు పండితులును శాస్త్రవేత్తలును కూడి పారిభాషికపదములను నిర్ణయించి గ్రంథములను తర్జుమా చేసిరి. దేశభాషలో ఉన్నతశాస్త్రబోధ యసాధ్యమను వాదమునకు ఇది సరియైన సమాధానము. అయితే సంస్థానప్రజలలో తెలుగువారే యధికులు. వారి కా భాషయు నేర్చుకొనవలసినదే. 1948 తరువాత బోధనాభాష ఇంగ్లీషయ్యెను. అంత శ్రమతో కూర్చిన పదజాలము పుస్తకశాలలకు చేరెను. పదములు నిర్మించుటతో పని తీఱదనియు, అవి జనుల వాడుకలో వేళ్లూనవలెననియు ఈ చరిత్ర బోధించుచున్నది.

మూడవది లక్ష్మణరావు పేర వెలసిన లక్ష్మణరాయపరిశోధకమండలి. ఆదిరాజు వీరభద్రరావు మున్నగువారి కృషితో ఈ మండలి ఊరూర తిరిగి శిలాశాసనముల ప్రతులు తీసి, 1935లో తెలంగాణా శాసనములు అను గ్రంథమును ప్రకటించెను. రాజాదరము లేక, ప్రజల చందాలతో, తెలుగుననే నడచిన పరిశోధనము ఇది. తరువాతి చరిత్రకారులకది యాధారమైనది. తనభాషలో వ్రాయబడిన పరిశోధన మెట్లు నిలుచునో చూపుటకు ఇంతకంటె వేఱు నిదర్శన మక్కఱలేదు.

స్వాతంత్ర్యానంతరము పరిశోధనాలయములు పెరిగినవి. కూనూరునందలి పోషకాహార పరిశోధనాలయము 1958లో ఉస్మానియా ప్రక్కకు వచ్చెను. జొన్న ముఖ్యాహారముగా గల బీదలలో ఎండ తగిలిన చోట్ల చర్మము నల్లబడి పొరలు లేచు పెల్లాగ్రా యను వ్యాధి కనబడుచుండగా, జొన్నలో లూసీన్ అను పదార్థ మధికముగా నుండుట దానికి హేతువు కావచ్చునని గోపాలను, శ్రీకంఠయ్య యను వైద్యులు 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించిరి. దానిపై పిదప చర్చలు జరిగినవి. తెలంగాణమున జొన్నరొట్టె, జొన్నగటక తినని పల్లె లేదు. ఆ రొట్టెను గుఱించిన విచారమును చదువుటకు మఱల లండను పత్రికయే దిక్కయ్యెను.

దాదాపు అదే కాలమున భద్రిరాజు కృష్ణమూర్తి వేఱొక దారి చూపెను. రైతు ఏమి తినునని వైద్యుడడిగెను. రైతు తన పనిముట్టునకు ఏమి పేరు పెట్టినాడని కృష్ణమూర్తి యడిగెను. జిల్లా జిల్లాకు మాఱు పేరులను వ్యవసాయపు వారి నోటనే విని కూర్చిన మాండలిక వృత్తిపదకోశము 1962లోను, చేనేత పదముల సంపుటము 1971లోను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించెను. ఇందు జనులు పరిశోధనకు వస్తువులు మాత్రమే కారు, ఉపాధ్యాయులును వారే.

ఆ కృష్ణమూర్తియే 1986 మొదలు 1993 వఱకు హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై యుండెను. 1974లో పార్లమెంటు శాసనముచే నేర్పడి, సరోజినీదేవి గృహమగు గోల్డెన్ త్రెషోల్డున మొదలై, గచ్చిబౌలికి చేరిన విద్యాలయమది. ఇచ్చటనే మన విచారము మాదాపురపు అద్దపుమేడలను కలిసికొనును. కాన్పూరులో పుట్టిన అనుసారక యను యంత్రానువాదయత్నము ఈ విశ్వవిద్యాలయమున కొంతకాలము, పిదప గచ్చిబౌలి సమాచార సాంకేతిక సంస్థలో కొంతకాలము సాగెను. తెలుగును హిందీలోనికి మార్చుట దాని పనులలో నొకటి. చేలలోనివారికి అను నొక్క పదమును తీసికొనుడు. చేను, బహువచనము, లోని, వారు, కి అని దీనిని విడదీయగలిగిననే యంత్రమునకు అర్థము పొసగును. అనగా యంత్రమునకు మొట్టమొదట కావలసినది వ్యాకరణము, నిఘంటువు. మన పాఠశాలల పండితులు తరతరములుగా చెప్పు పాఠమే యిది.

నేటి యంత్రములు మఱియొక మార్గమున పోవుచున్నవి. సూత్రములకు బదులు కోట్లకొలది వాక్యములను చదివి, ఏ పదము వెనుక నేది వచ్చునో తామే గ్రహించును. కావున ఏ భాషలో ఎంత వ్రాయబడినదో ఆ భాష వానికంతయే తెలియును. తెలుగున కావ్యములు కలవు, పురాణములు కలవు, వార్తలు కలవు. మన దోమను గుఱించి, మన జొన్నను గుఱించి, మన నీటిని గుఱించి పరిశోధకులు వ్రాసినది తెలుగున మిక్కిలి స్వల్పము. రోగి తన జబ్బును గుఱించి తెలుగున యంత్రము నడిగిన, అది యింగ్లీషునుండి పొడిపొడిగా తెచ్చి చెప్పవలసినదే. ఇది యంత్రదోషము కాదు. మన వ్రాతలోని కొఱత.

తెలుగున పారిభాషికపదములు లేవు, కావున వ్రాయలేమని కొందఱు పరిశోధకు లందురు. ఈ యాక్షేపము విచారణకు నిలువదు. మలేరియా, క్లోరోఫారము వంటి మాటలను మన జనులు యథాతథముగా స్వీకరించినారు. పనిముట్లకును, పంటలకును, రోగలక్షణములకును వారి నోట పదములు సమృద్ధిగా నున్నవి. కొఱత పదములది కాదు, అలవాటుది. తెలుగునేలను గాని తెలుగువారి దేహమును గాని గుఱించి ఏ పరిశోధకుడు ఏ పత్రికలో వ్రాసినను, దానితో పాటు రెండు పుటల తెలుగు సంగ్రహము నొకదానిని ప్రకటించుట నియమముగా పెట్టుకొనిన, పదియేండ్లలో నీ భాష స్వరూపము మాఱును. ఆ సంగ్రహములను సవరించుటయు, ఊరిమాటలతో పోల్చి పదములు సూచించుటయు పాఠశాలా పండితులు చేయదగిన పని. లక్ష్మణరావు ప్రభృతులు 1906లో అచ్చుకూటము నాశ్రయించి ఆరంభించిన కార్యము, నేడు గచ్చిబౌలి యంత్రములకును అవసరమై, ముగియక నిలిచియున్నది. దానిని చేపట్టుటకు రాజాజ్ఞ యక్కఱలేదు. ప్రతి పరిశోధనసంఘమును ఈ యేడే తన పత్రికలో రెండేసి పుటలు విడిచిపెట్టిన చాలును.