సత్యం పద్దు, పల్నాటి కొలత

మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లు దాటిన దూరం. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల తండాల వారికైతే రోడ్డెక్కడమే ఒక ప్రయాణం. అలాంటి చోట్ల అర్ధరాత్రి పురిటినొప్పులు మొదలైనా, పొలంలో పాము కరిచినా ఫోనులో మూడంకెలు నొక్కితే బండి వస్తుందన్న ధీమా ఈ ఇరవై ఏళ్లలో వచ్చింది. ఆ 108 సేవను 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ సంస్థను నెలకొల్పింది సత్యం కంప్యూటర్స్ అధినేత బైర్రాజు రామలింగరాజు. తన కంపెనీ లెక్కల్లో వేల కోట్లు కల్పితమని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న ఉత్తరం రాసిందీ ఆయనే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తెలుగునాట ఇన్నేళ్లుగా రెండు తీర్పులు వినిపిస్తున్నాయి. దానధర్మాలన్నీ మోసానికి ముసుగని ఒకటి. మనిషి మంచివాడే, ఎక్కడో కాలు జారాడని ఇంకొకటి. రెండూ ఆయన మనసులోకి తొంగిచూసే ప్రయత్నాలే. మనసు ఎవరికీ దొరకదు, నిర్ణయాలు దొరుకుతాయి. కోట్లకు పడగలెత్తిన యజమాని వల్లించే విలువలు నిజమో కాదో ఆయన ఇచ్చే చోట తేలదని నా వాదన. తనకు నష్టం వచ్చే చోట, ఎదుటివాడు తనను కాదనగలిగే చోట మాత్రమే అది తేలుతుంది.

ఈ కొలత కొత్తదేమీ కాదు, పల్నాటిదే. పన్నెండో శతాబ్దంలో గురజాల నలగామరాజుకూ మాచర్ల మలిదేవరాజుకూ మధ్య రాజ్యం చీలినప్పుడు, మలిదేవుడి వైపు మంత్రి బ్రహ్మనాయుడు. అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు తినిపించాడని ఆయనకు పేరు. శ్రీనాథుడి పేర ఉన్న పల్నాటి వీరచరిత్ర ఆ యుద్ధం తరువాత రెండు శతాబ్దాలకు పైగా గడిచాక వచ్చింది. అందులో, ఈ కథను పాడే వీరవిద్యావంతుల పాటలో ఎంత చరిత్రో ఎంత కథో విడదీయడం కష్టం. అయినా పల్నాడు దేన్ని రుజువుగా గుర్తుపెట్టుకుందో చూడాలి. కథలో చాపకూడు ఒక్కటే ఉండి ఉంటే బ్రహ్మనాయుడి సమత అన్నదానంగా మిగిలిపోయేది. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేసుకుని, సేనను నడిపే పదవి అతనికి అప్పగించాడన్న ఘట్టం ఆ మాటకు బరువు తెచ్చింది. కూడు పెట్టడం దొర దయ. కత్తి చేతికివ్వడం అధికారంలో వాటా. అదే బ్రహ్మనాయుడు నలగాముడి మంత్రి నాగమ్మతో కోడిపందేనికి దిగి రాజ్యాన్ని ఒడ్డాడనీ, ఓడి ఏడేళ్లు వలసపోవాల్సి వచ్చిందనీ కూడా ఆ కథే చెబుతుంది. మాటకు కట్టుబడి వెళ్లిపోవడం గొప్పే. కానీ ఒడ్డింది మాచర్ల సీమ జనం బతుకుని. పందెం వద్దనే హక్కు వాళ్లకు లేదు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది, కోడిపోరుకూ ఒక రోజు ఉంది. నాయకుడి గొప్పనూ, ఇతరుల సొత్తును పణం పెట్టిన పొరపాటునూ ఈ నేల ఒకే ఉత్సవంలో నిలుపుకుంది. సత్యం కథకు ఈ రెండు కొలతలూ కావాలి.

సత్యం కంప్యూటర్స్ 1987లో సికింద్రాబాదులో చిన్న కంపెనీగా పుట్టింది. 1991లో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో, 2001లో న్యూయార్క్‌లో నమోదైంది. 2008 నాటికి దాని ఉద్యోగులు యాభై వేలు దాటారు. భీమవరం ప్రాంతపు వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన మనిషి అమెరికా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాడన్నది, పిల్లల ఇంజనీరింగ్ చదువుకు ఎకరం రెండెకరాలు అమ్ముకున్న తల్లిదండ్రులకు ఎంత ధైర్యమిచ్చిందో నరసరావుపేటలోనైనా ఏలూరులోనైనా ఆ తరానికి తెలుసు. అందుకే ఆయన మాటలకు మామూలు వ్యాపారి మాటల కన్నా విలువ ఎక్కువ. ఆ కంపెనీ తన ఉద్యోగులను అసోసియేట్లని పిలిచింది. వాటాదారుడు, ఖాతాదారుడు, ఉద్యోగి, సమాజం అందరూ తనకు సమానమంది. తండ్రి జ్ఞాపకార్థం 2001లో పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ పల్లెల్లో మంచినీరు, చదువు, వైద్యం మీద పనిచేసింది. మంచి కార్పొరేట్ పాలనకుగాను 2008 సెప్టెంబరులో కంపెనీకి గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా వచ్చింది, కుంభకోణం బయటపడ్డాక దాన్ని వెనక్కు తీసుకున్నారు. ఆ విలువలను నమ్మినవాళ్లు అమాయకులని నేననను. కళ్లముందు కనిపించినవి నిజమైన నీళ్లు, నిజమైన అంబులెన్సులు.

కానీ అవే సంవత్సరాల్లో పద్దు పుస్తకంలో జరిగినది చూడండి. 2008 సెప్టెంబరు 30తో ముగిసిన త్రైమాసికానికి కంపెనీ 2,700 కోట్ల ఆదాయం, 649 కోట్ల నిర్వహణ లాభం చూపింది. రాజు ఉత్తరం ప్రకారమే అసలు ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. నూటికి 24 రూపాయల మిగులున్న కంపెనీగా లోకానికి కనిపించినదానికి మిగిలింది 3 రూపాయలు. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన సొమ్ములో 5,040 కోట్లు లేనే లేవు. ఆ లేని డిపాజిట్ల మీద 376 కోట్ల వడ్డీ కూడా రాసుకున్నారు. ఇది ఒక్క రాత్రి తప్పు కాదు. ఏళ్ల తరబడి ప్రతి మూడు నెలలకూ ఎవరో కూర్చుని నకిలీ ఇన్వాయిస్‌లు పుట్టించాలి, ఫిక్స్‌డ్ డిపాజిట్ రశీదులు తయారుచేయాలి, పై లెక్కకు సరిపోయేలా కింది లెక్క రాయాలి. ఈ కాలంలోనే ప్రమోటర్ల వాటా కరిగిపోతూ వచ్చింది. 2001లో నాలుగో వంతుకు పైగా ఉన్నది 2008 మార్చికి 9 శాతం లోపుకు దిగింది. మిగిలినదాన్ని తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు, అప్పులిచ్చినవాళ్లు ఆ వాటాలు అమ్ముకున్నాక ఇంకా తగ్గింది. అంటే కంపెనీలో రూపాయికి తొంభై పైసల పైచిలుకు ఇతరులది, పెత్తనం మాత్రం ఒక కుటుంబానిది. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టు.

వాటాదారుడు తనకు సమానమన్న విలువకు అసలు పరీక్ష 2008 డిసెంబరు 16న వచ్చింది. రామలింగరాజు కొడుకులు నడిపే మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా కంపెనీలను కొనడానికి సత్యం 160 కోట్ల డాలర్లు పెట్టాలన్న ప్రతిపాదన బోర్డు ముందుకు వెళ్లింది. ఆ బోర్డులో హార్వర్డ్ ఆచార్యుడు కృష్ణ పాలేపు, పెంటియం చిప్‌తో పేరుపొందిన వినోద్ ధామ్, మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఆర్. ప్రసాద్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ రామ్మోహనరావు ఉన్నారు. వాళ్లు ప్రశ్నలు వేశారు, చివరకు ఒప్పుకున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో ఛైర్మన్ ఇంటి భూముల కంపెనీలను కొనడం అంతటి పేరున్న గది దాటి బయటికొచ్చింది. న్యూయార్క్‌లో షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయి, మదుపరులు మండిపడితే, పన్నెండు గంటలు తిరక్కముందే కొనుగోలు రద్దయింది. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టడానికి అది చివరి ప్రయత్నమని మూడు వారాల తరువాత రాజే రాశారు. అంతకు కొన్ని నెలల ముందే హైదరాబాదు మెట్రో కాంట్రాక్టు మేటాస్ కూటమికి దక్కినప్పుడు, ప్రభుత్వానికి ఎదురు 30,311 కోట్లు ఇస్తామన్న ఆ బిడ్డు వెనుక ఉన్నది భూముల వ్యాపారమేనని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి రాశారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదే ఆగ్రహించింది. కాదన్న గొంతు బయటినుంచి వచ్చింది, దాన్నీ నొక్కాలనే చూశారు.

ఇక్కడ రాజును సమర్థించేవారి మాట ఒకటుంది. కంపెనీ నుంచి తానొక్క రూపాయి తీసుకోలేదని ఆయన ఉత్తరంలో రాశారు. మొదట్లో చిన్నదైన తేడా పెరుగుతూ పోయిందనీ, పులి మీద స్వారీలాగా దిగే దారి లేకపోయిందనీ చెప్పుకున్నారు. ఆ ఉపమానాన్ని దేశమంతా అరువు తెచ్చుకుంది. నాకది ఒప్పుదల కాదు. పులి మీద ఉన్నవాడికి ఎటు వెళ్లాలో తేల్చుకునే వీలుండదు. ఇక్కడ ప్రతి మూడు నెలలకూ ఒక నిర్ణయం ఉంది, ప్రతిసారీ దిగే మెట్టు ఉంది. లాభం 3 శాతమేనని ఏ త్రైమాసికంలో చెప్పినా షేరు పడేది, తాకట్టు ఊడేది, కుటుంబ పెత్తనం పోయేది. ఆ నష్టాన్ని భరించకూడదనుకోవడమే ప్రతిసారీ తీసుకున్న నిర్ణయం. ఒక్క రూపాయి తీసుకోలేదన్న మాట సంగతి సెబీ 2014లో తేల్చింది. కల్పిత లాభాలతో ఉబ్బిన ధరకు వాటాలు అమ్మి, తాకట్టు పెట్టి అక్రమంగా పొందిన 1,849 కోట్లను వడ్డీతో కట్టమని రాజు, ఇతరులను ఆదేశించి, పద్నాలుగేళ్లు మార్కెట్‌కు దూరంగా ఉంచింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలు చేసుకుని బెయిలు మీద బయటికొచ్చారు.

దీనికన్నా బలమైన ఆక్షేపణ 108దే. ఇన్ని ప్రాణాలు నిలిపిన సేవను పెట్టినవాడి విలువలు అబద్ధమెలా అవుతాయి? అబద్ధమని నేననడం లేదు. ఆ సేవ ఎందుకు నిలిచిందో చూడమంటున్నాను. దాన్ని నడిపే ఖర్చులో సింహభాగం త్వరలోనే ప్రభుత్వం భరించింది. బండ్ల లెక్క, పిలుపుల లెక్క ప్రభుత్వం అడిగేది, శాసనసభలో ప్రశ్నలు వచ్చేవి, బండి రాకపోతే ఊళ్లో జనం రోడ్డు మీద నిలబడి నిలదీసేవారు. రాజు జైలుకు వెళ్లాక నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అది ఇంకొక సంస్థకు మారింది. నడిపేవారు మారారు, మూడంకెలు మారలేదు. అక్కడ ఆయన ఆశయం ఇతరుల చేతుల్లో పడింది కనుక ఆయనను దాటి బతికింది. పద్దు పుస్తకంలో అలాంటి చెయ్యే పడలేదు. ఆడిటర్లుగా ఉన్న ప్రైస్ వాటర్‌హౌస్, బ్యాంకుల నిర్ధారణ పత్రాలను తామే నేరుగా తెప్పించుకోకుండా యాజమాన్యం ద్వారా తీసుకుందని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో తేల్చింది. మనిషి ఒక్కడే, ఆయన చెప్పిన మాటలూ అవే. ఒకచోట లెక్క అడిగేవాడున్నాడు, రెండోచోట లేడు.

ఇది తెలుగు వ్యాపారికో, కుటుంబ కంపెనీలకో మాత్రమే అంటిన జబ్బు అనుకోవడం కూడా పొరపాటే. ఇలాన్ మస్క్ 2022 అక్టోబరులో 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొన్నది మాట్లాడే స్వేచ్ఛ కోసమన్నారు. తన విమానం ఎక్కడుందో చెప్పే ఖాతాను కూడా తీసేయననీ, స్వేచ్ఛ మీద తన నిబద్ధత అంతటిదనీ నవంబరులో ప్రకటించారు. డిసెంబరులో ఆ ఖాతాను తీసేశారు, దాని గురించి రాసిన కొందరు పాత్రికేయుల ఖాతాలనూ ఆపేశారు. తరువాత కొన్నిటిని తిరిగి తెరిచారు. సత్యంలో జరిగింది నేరం, ఇది నేరం కాదు. రెంటినీ ఒక గాటన కట్టకూడదు. కానీ విలువ ఎక్కడ ఆగిపోయిందో చూస్తే రెండు చోట్లా ఒకటే. ఇతరులకు ఖర్చయినంత కాలం నడిచింది, యజమానికి తగిలిన చోట నిలిచిపోయింది, ఆపగలవాడు ఎవడూ లేడు.

సత్యం కూలిన తరువాత ప్రభుత్వం బోర్డును రద్దుచేసి కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్ లాంటివారిని కూర్చోబెట్టింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది, వేలాది ఉద్యోగాలు నిలిచాయి. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన వాటాల లెక్క బయటపెట్టాలని సెబీ ఆ జనవరిలోనే ఆదేశించింది. 2013 కంపెనీల చట్టం ఆడిటర్లను కొన్నేళ్లకొకసారి మార్చాలంది. ఇవి అవసరమైన మార్పులే. కానీ కంపెనీలో స్వతంత్ర డైరెక్టరు కుర్చీకి పేరు సూచించేది నేటికీ చాలాచోట్ల యజమాని వర్గమే. తమను పిలిచి కూర్చోబెట్టినవాణ్ని కాదనడం పాలేపు అంతటివాళ్లకే చేతకానప్పుడు, ఆ కుర్చీకి పేరు పెట్టే హక్కు చిన్న వాటాదారులకు ఇవ్వనిదే దాన్ని స్వతంత్రమని పిలవడం సరికాదు. నష్టపోయిన తరువాత దక్కిన న్యాయం కూడా అందరికీ ఒకేలా లేదు. అమెరికాలో షేర్లు కొన్నవాళ్లు ఉమ్మడి దావా వేస్తే 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2009 జనవరి 7న 179 రూపాయల షేరు ఒక్కరోజులో 40కి పడిపోవడం చూసిన ఇక్కడి చిన్న మదుపరికి అలాంటి దావా వేసే చట్టమే అప్పటికి లేదు. ఆ హక్కునిచ్చే 245వ సెక్షన్ అమల్లోకి వచ్చింది 2016 జూన్‌లో.