బడ్జెట్ చదవడం నేర్చుకున్న సభ

2002 మే 19, అర్ధరాత్రి కావస్తోంది. డిలీ నగర శివార్లలోని తాసితోలు మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. పన్నెండు గంటల వేళ, అప్పటిదాకా పాలన చూసిన ఐక్యరాజ్య సమితి జెండా దిగింది, తూర్పు తిమోర్ జెండా పైకి లేచింది. కోఫీ అన్నన్ ఉన్నారు. బిల్ క్లింటన్ వచ్చారు. ఇరవై నాలుగేళ్లు ఈ నేలను ఏలిన ఇండోనేసియా తరఫున అధ్యక్షురాలు మేగావతి కూడా వచ్చారు.

ఆ జెండాతో పాటే ఇంకో మార్పు జరిగింది. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. రాజ్యాంగం రాయడానికి ఎన్నికైన 88 మంది సభ, మళ్లీ ఎన్నికల్లేకుండానే దేశానికి పార్లమెంటు అయిపోయింది. రాజ్యాంగంలోనే అలా రాసుకున్నారు. నిన్నటిదాకా ఒకే ఒక్క పుస్తకం రాసిన మనుషులు తెల్లారేసరికి చట్టాలు చెయ్యాలి, బడ్జెట్ తనిఖీ చెయ్యాలి, మంత్రుల్ని నిలదీయాలి.

ఎవరీ 88 మంది? అడవుల్లో తుపాకీ పట్టినవాళ్లు, పోర్చుగల్, మొజాంబిక్, ఆస్ట్రేలియాల నుంచి తిరిగొచ్చిన ప్రవాసులు, ఇండోనేసియా కాలేజీల్లో చదివిన కుర్రాళ్లు, బడిపంతుళ్లు. స్పీకర్‌గా ఎన్నికైన ఫ్రాన్సిస్కో గుటెరెస్‌ను అందరూ పిలిచే పేరు లూ ఓలో. ఆయన ఇరవై నాలుగేళ్లు కొండల్లో గెరిల్లాగా బతికారు. సభను అదుపులో పెట్టగలరనడంలో ఎవరికీ సందేహం లేదు గానీ, సభా నియమాలు ఆయనకూ కొత్తే.

దేశం ఉన్న స్థితి చూస్తే ఇది మరీ కష్టమైన పని. 1999 ఆగస్టు 30 ప్రజాభిప్రాయ సేకరణలో 78.5 శాతం మంది ఇండోనేసియా నుంచి విడిపోతామన్నారు. ఆ కసితో ఇండోనేసియా అనుకూల సాయుధ ముఠాలు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయి. ఇళ్లు, బడులు, కార్యాలయాలతో పాటు కార్యాలయాల్లోని కాగితాలూ బూడిదయ్యాయి. పాత ఫైలు తీసి ‘పోయినసారి ఎలా చేశాం’ అని చూసుకునే వీలు ఈ సభకు లేదు. పోయినసారి అంటూ ఒకటి ఉంటే కదా!

ఇక్కడ ఒక సభ్యురాలిని ఊహించుకుందాం. ఆమె ఒక వ్యక్తి కాదు, ఆనాటి సభ్యుల్లో చాలామంది కలిసిన రూపం. తూర్పు జిల్లా నుంచి వచ్చిన పాత బడిపంతులమ్మ. ఇంట్లో స్థానిక భాష తేతుం మాట్లాడుతుంది. చదివిందీ, చదువు చెప్పిందీ ఇండోనేసియా భాషలో. బల్ల మీద ఆమె ముందు పెట్టిన బిల్లు మాత్రం ఇండోనేసియాకు ముందు ఈ నేలను ఏలిన పోర్చుగల్ భాషలో, పోర్చుగీసులో ఉంది.

“దీని తేతుం కాగితం ఏదీ?” అని అడిగింది.

“ఇంకా అనువాదం కాలేదక్కా,” అన్నాడు సచివాలయం కుర్రాడు. “సారాంశం రెండు పేజీలు చేసి ఇస్తాను.”

“ఓటింగు ఎప్పుడు?”

“రేపు.”

మాటలు నావి, ఇబ్బంది మాత్రం నిజం. రాజ్యాంగం పోర్చుగీసునూ తేతుంనూ అధికార భాషలన్నది. ఇండోనేసియా, ఇంగ్లిష్ భాషలకు కార్యాలయాల్లో చోటిచ్చింది. చట్టాల ముసాయిదాలు ఎక్కువగా వచ్చేది జనాభాలో కొద్దిమందికే వచ్చిన పోర్చుగీసులో. సభలో వాదన జరిగేది తేతుంలో. ఇక అమల్లో ఉన్న పాత చట్టాలు చాలావరకు ఇండోనేసియావి. అసలు పాత చట్టమంటే ఏది అన్న సందేహం 2003లో అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. పోర్చుగీసు చట్టమే చెల్లుతుందని కోర్టు అనేసరికి, కాదు ఇండోనేసియాదేనని పార్లమెంటు అదే ఏడాది ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది. చట్టసభ కోర్టుకు జవాబు చెప్పడం నేర్చుకుంటున్న రోజులవి.

ఈ దశలోనే ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, దాతల డబ్బుతో పార్లమెంటుకు శిక్షణ మొదలుపెట్టింది. అనువాదకులు, చర్చల్ని రికార్డుకెక్కించే సిబ్బంది, స్థాయీ సంఘాలకు న్యాయ సలహాదారులు, బడ్జెట్ విశ్లేషకులు, మహిళా సభ్యులకు ప్రత్యేక సహాయం, సచివాలయం రాబోయే ఏళ్లకు ఏమేం చెయ్యాలో రాసుకునే ప్రణాళిక... జాబితా పెద్దదే. ఈ దేశంలోని ఐక్యరాజ్య సమితి మిషన్‌కు కొంతకాలం కమలేశ్ శర్మ, తర్వాత అతుల్ ఖరే నాయకత్వం వహించారు. ఇద్దరూ మన విదేశాంగ శాఖలో పనిచేసినవాళ్లు.

ఇలాంటి సాయాన్ని గుడ్డిగా మెచ్చుకోవాలని నాకు అనిపించదు. బయటి నుంచి వచ్చిన నిపుణుడికి గడువు తక్కువ, పని ఎక్కువ. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడం కంటే నివేదిక తనే రాసి చేతిలో పెట్టడం తేలిక. ఒప్పందం ముగిసి ఆయన విమానం ఎక్కితే ఆ విద్య కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. సభ్యుడు తన కలంతో తను గీత గీసుకున్న బడ్జెట్ పేజీకున్న విలువ సలహాదారు రాసిన యాభై పేజీలకు ఉండదు. లూ ఓలో సంగతే చూడండి. స్పీకర్ పదవి చేసిన మనిషి యూనివర్సిటీ బెంచీ మీద కూర్చుని, 2011లో న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. ఆ తర్వాత దేశాధ్యక్షుడయ్యారు.

శిక్షణ సాగుతున్న ఆ తొలి ఏళ్లలోనే సముద్రం అడుగు నుంచి డబ్బు రావడం మొదలైంది. చమురు, సహజవాయువుల ఆదాయాన్ని దాచడానికి 2005లో పెట్రోలియం నిధి చట్టం చేశారు. దేశానికున్న చమురు సంపద మొత్తం విలువ కట్టి, ఏటా అందులో 3 శాతం దాకా వాడుకోవచ్చన్నారు. విత్తనపు గింజలు ముట్టకుండా తిండిగింజలతో గడుపుకొచ్చే రైతు లెక్క ఇది. ఆ గీత దాటి తీసుకోకూడదని కాదు. దాటాలంటే అది దేశానికి దీర్ఘకాలంలో ఎలా మేలో ప్రభుత్వం పార్లమెంటుకు వివరంగా రాసివ్వాలి.

మధ్యలో దేశం మళ్లీ కుప్పకూలబోయింది. 2006లో సైన్యంలో చీలిక వచ్చింది, డిలీ వీధుల్లో కాల్పులు జరిగాయి, లక్షన్నర మంది ఇళ్లు వదిలారు, ప్రధాని మరి అల్కతిరి రాజీనామా చేశారు. 2007 ఎన్నికల్లో 65 మంది సభ్యుల కొత్త పార్లమెంటు వచ్చింది. మాజీ గెరిల్లా నాయకుడు షనానా గుస్మావ్ సంకీర్ణ ప్రధాని అయ్యారు. అల్కతిరి పార్టీ ఫ్రెటిలిన్ ప్రతిపక్షంలో కూర్చుంది. 2008 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు రామోస్ హోర్తా మీద తూటాలు పేలాయి. ఆయన ఆస్ట్రేలియాలో చికిత్స పొందుతుండగా స్పీకర్ ఫెర్నాండో లసామా తాత్కాలిక అధ్యక్షుడిగా దేశాన్ని నడిపారు. ఒకప్పుడు జకార్తా జైల్లో ఏళ్లు గడిపిన మనిషి ఆయన.

2008 జులైలో సవరించిన బడ్జెట్ సభకు వచ్చింది. ప్రపంచమంతా బియ్యం ధరలు మండుతున్నాయి, చమురు ధర ఆకాశాన్నంటింది. ఏడాది ఖర్చును రెట్టింపుకు మించి 77.33 కోట్ల డాలర్లకు పెంచుతామని ప్రభుత్వం అన్నది. అందులో 24 కోట్లు ‘ఆర్థిక స్థిరీకరణ నిధి’. బియ్యం, ఇంధనం, నిర్మాణ సామగ్రి ధరలు పెరిగితే జనాన్ని ఆదుకోవడానికట. మాట బాగానే ఉంది, లెక్క దగ్గర తిరకాసు వచ్చింది. ఆ ఏడాది పెట్రోలియం నిధి గీత 39.61 కోట్లు. తీస్తామన్నది 68.68 కోట్లు.

మెజారిటీ ప్రభుత్వానిదే కాబట్టి బడ్జెట్ నెగ్గింది. పూర్వమైతే ప్రతిపక్షానికి మిగిలేది వాకౌటో, వీధి పోరాటమో. వీధి పోరాటం ఎలా ఉంటుందో రెండేళ్ల కిందటే ఊరంతా చూసింది. ఈసారి వాళ్లు కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. సభ్యుల్లో ఐదో వంతు, అంటే 13 మంది సంతకం చేస్తే ఒక చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో తేల్చమని అప్పీలు కోర్టును అడగొచ్చు. సరిపడా సంతకాలయ్యాయి. పిటిషన్‌లో కోపం కంటే అంకెలు, అధికరణలే పనికొచ్చాయి: గీత ఎంత, దాటింది ఎంత, చట్టం అడిగిన వివరణ ఎక్కడ?

అక్టోబరు నెలాఖరులో తీర్పు వచ్చింది. 24 కోట్ల డాలర్ల స్థిరీకరణ నిధి రాజ్యాంగానికి విరుద్ధమన్నది కోర్టు. గీత దాటి తీయదలచిన 29.07 కోట్లకు సరైన వివరణ లేదు కనుక అదీ చెల్లదన్నది. ప్రభుత్వం తీర్పును గట్టిగా విమర్శించింది. అయినా సైనికులు రోడ్డెక్కలేదు, ఇళ్లు తగలబడలేదు. పార్లమెంటు సచివాలయ పాలనా వ్యవస్థను తీర్చిదిద్దే ప్రత్యేక చట్టం కూడా ఆ ఏడాదే, డిసెంబరులో వచ్చింది.

2008 మొత్తం మీద పెట్రోలియం నిధి నుంచి బయటకు వెళ్లింది 39.6 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది ప్రభుత్వం గీత దాటి 51.2 కోట్లు తీసింది. ఆ తర్వాతి ఏళ్లలో ఇంకా ఎక్కువే తీసింది. ఇప్పుడు పార్లమెంటు బల్లల మీద వాదన ఆ డబ్బు ఇంకా ఎన్నేళ్లు వస్తుందన్న దాని మీద.