చెరువు ఎవరిది, చేప ఎవరిది? గాలం వేసే ముందు వినాల్సిన కథ

వానలు తగ్గి చెరువులు నిండాయో లేదో, వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్లాన్ మొదలైపోతుంది. "అరేయ్, ఈ ఆదివారం గాలాలు పట్టుకుని వరంగల్ దిక్కు పోదాం. రామప్ప, లక్నవరం, పాకాల... దారి పొడుగునా చెరువులే!" పోవాలి, తప్పకుండా పోవాలి. కానీ ఏ నీళ్లలో గాలం వేయొచ్చు, ఏ నీళ్లలో వేయకూడదు అన్నది తెలియాలంటే ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి పోయి రావాలి. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందు ఫోన్లో మ్యాప్ తెరవండి. శాటిలైట్ వ్యూ పెట్టి వరంగల్, ములుగు వైపు జూమ్ చేయండి. చిన్న చిన్న నీలి మచ్చలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. అవి ప్రకృతి ఇచ్చిన సరస్సులు అనుకుంటాం కదా? కాదు. దాదాపు అన్నీ మనుషులు కట్టినవే. ఇక్కడ నేల గట్టి రాయి, వాన పడేది ఏడాదిలో నాలుగు నెలలు. అందుకే వాగుకి అడ్డంగా, వీలైన చోట రెండు గుట్టల మధ్య, మట్టికట్ట పోశారు. పొలాలకి నీళ్లు వదలడానికి తూము పెట్టారు. ఎక్కువైన నీళ్లు పోవడానికి మత్తడి కట్టారు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింద ఊరి చెరువుకి చేరతాయి. దీన్నే గొలుసుకట్టు అంటారు. పైన ఒక కట్ట తెగితే కింద ఊళ్లన్నిటికీ ముప్పే. అంటే చెరువు ఏ ఒక్క ఊరి సొంత వ్యవహారమూ కాదు.

దీన్ని పెద్ద ఎత్తున చేసినవాళ్లు కాకతీయులు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా పాలించాడు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో గుడి కట్టించి 1213లో శాసనం వేయించాడు. అదే మన రామప్ప గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అందరం గుడి దగ్గర సెల్ఫీ దిగి వచ్చేస్తాం. కానీ ఆ పక్కనే ఉన్న రామప్ప చెరువు కూడా ఆ కాలం నాటిదే, ఇప్పటికీ పొలాలకి నీళ్లిస్తోంది. పాకాల చెరువు కూడా గణపతిదేవుడి కాలానిదే. ఆయన చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమం చెప్పేటప్పుడు చరిత్రకారులు చూసే ముఖ్యమైన రాళ్లలో అదొకటి. రాజవంశం కథ చెరువు దగ్గర రాసి పెట్టారంటే ఆ చెరువుకి ఎంత విలువో ఆలోచించండి.

అప్పట్లో చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టేవాళ్లు. కొడుకు ఎలా పేరు నిలబెడతాడో, చెరువూ అలాగే నిలబెడుతుందని నమ్మకం. మరి కట్టాక చూసేదెవరు? దానికీ ఏర్పాటు ఉంది. చెరువు కట్టినవాళ్లకి, బాగుచేసినవాళ్లకి ఆయకట్టు కింద భూమి ఇచ్చేవాళ్లు, దాన్ని దశబంధం అన్నారు. నీళ్లు వంతుల ప్రకారం వదలడానికి ఊరికో నీరటి ఉండేవాడు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఇంకా ముందుకెళ్లింది. మంచి చెరువుకి పన్నెండు లక్షణాలు, చెడ్డ చెరువుకి ఆరు దోషాలు ఏంటో రాయి మీద చెక్కించారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాశారు!

సరే, ఇప్పుడు చేప దగ్గరికొద్దాం. చెరువులో రెండు రకాల చేపలుంటాయి. ఒకటి, దానంతటది బతికేది. కొర్రమీను అలాంటిదే, తెలంగాణ రాష్ట్ర చేప. నీళ్లు ఎండుతున్నా బురదలో ఉండి గాలి పీల్చుకుని బతుకుతుంది. ఇక రెండోది, బొచ్చె, రవ్వ లాంటివి. ఇవి నిలవనీళ్లలో మామూలుగా గుడ్లు పెట్టవు, పారే నది కావాలి. అందుకే ఒకప్పుడు నదుల్లో పిల్లల్ని పట్టి తెచ్చి చెరువుల్లో వదిలేవాళ్లు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించాడు. అప్పటినుంచి చేపపిల్లల్ని హేచరీల్లోనే తయారు చేయడం మొదలైంది. ఆ జూలై 10నే ఇప్పుడు మన దేశంలో జాతీయ చేపల రైతు దినంగా జరుపుతున్నారు.

దీని అర్థం ఏంటి? మీ గాలానికి రెండు కిలోల బొచ్చె పడిందంటే, దాన్ని ఎవరో పిల్లగా వదిలారు. చాలా చెరువుల్లో చేపలు పట్టే హక్కు మత్స్య సహకార సంఘాలది. ముదిరాజులు, గంగపుత్రులు తరతరాలుగా ఈ పని మీదే బతుకుతున్నారు. వానాకాలంలో పిల్లల్ని వదిలి, కాపలా కాసి, ఎండాకాలం నీళ్లు తగ్గాక వల వేస్తారు. మనకి అది ఆదివారం సరదా, వాళ్లకి ఏడాది జీతం.

కాబట్టి ట్రిప్ ఇలా ప్లాన్ చేయండి. ముందు ఊళ్లోకి వెళ్లి సంఘం పెద్దని కలవండి. "అన్నా, గాలం వేసుకోవచ్చా?" అని అడగండి. డబ్బు కట్టమంటే కట్టండి, వద్దంటే వచ్చేయండి. పాకాల 1952 నుంచే అభయారణ్యం. అక్కడ చూడ్డానికి వెళ్లండి, గాలం బండిలోనే ఉంచండి. వానలు మొదలైన రోజుల్లో మత్తడి దగ్గర ఎదురెక్కే చేపల్ని పట్టొద్దు, అవి గుడ్లు పెట్టడానికి పోతుంటాయి. నీళ్ల మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు తిరుగుతుంటే కింద కొర్రమీను కాపలా ఉందని లెక్క. దాన్ని పడితే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. తూము దగ్గర నీళ్లలోకి దిగొద్దు, లోపలికి లాగేస్తుంది. తెగిన గాలం దారం అక్కడ పడేయొద్దు, కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది.

చేప పడకపోయినా ఫర్వాలేదు. సంఘం వాళ్లు వల తీసే రోజు ఏదో కనుక్కోండి. ఆ రోజు పొద్దున్నే కట్ట మీదికి వెళ్తే, ఎగురుతున్న చేపని వాళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు. మీ ఊరి చెరువు పేరేంటి, దాన్ని ఎవరు కట్టించారు? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కామెంట్లో రాయండి. మళ్లీ కలుద్దాం.