నల్ల నక్షత్రం ఓడలు – అమ్మిన దళారులు



"మనవాళ్ళకి వ్యాపారం చేతకాదు" అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. పైకులాల నోట విన్నప్పుడు కోపం వస్తుంది. మన నోటే వచ్చినప్పుడు ఏం జవాబు చెప్పాలో తోచదు. అమెరికాలో నల్లవాళ్ళని ఇదే మాటతో వందేళ్ళుగా పొడుస్తున్నారు. సాక్ష్యం ఏమిటంటే బ్లాక్ స్టార్ లైన్ కథ చూపిస్తారు. ఆ కథని ఈసారి పాత ఓడల బేరం దగ్గర నుంచి చదువుదాం.

మార్కస్ గార్వే 1887లో జమైకాలో పుట్టాడు. 1914లో యూనివర్సల్ నీగ్రో ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ పెట్టాడు. 1916లో న్యూయార్క్ చేరి హార్లెంలో స్థిరపడ్డాడు. (అదే ఏడాది బాబాసాహెబ్ కొలంబియా వదిలి లండన్ వెళ్ళారు. ఆ యూనివర్సిటీ పక్కనే హార్లెం. అయినా ఇద్దరూ కలుసుకున్నారని వాట్సాప్ కథలు అల్లకండి.) 1919 జూన్‌లో నల్లవాళ్ళ సొంత ఓడల కంపెనీ రిజిస్టర్ అయింది. టైటానిక్ నడిపిన కంపెనీ పేరు వైట్ స్టార్ లైన్. దానికి జవాబుగా వీళ్ళది బ్లాక్ స్టార్ లైన్. షేరు 5 డాలర్లు. ఒక మనిషి 200 షేర్లకు మించి కొనకూడదు. కొన్నదెవరు? బట్టలుతికే ఆడవాళ్ళు, రైల్లో సామాన్లు మోసే పోర్టర్లు, వంటమనుషులు, క్యూబా చెరకు తోటల్లో, పనామాలో పనిచేసే కరీబియన్ కూలీలు. లక్షన్నరకు పైగా షేర్లు ఇలాంటి చేతుల్లోకి వెళ్ళాయి.

డబ్బు వచ్చింది. ఓడ కావాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు వేల ఓడలు ముంచేశాయి. 1919లో తేలే ప్రతి తొట్టికీ బంగారం ధర. కంపెనీ కొన్న మొదటి ఓడ 'యార్మత్'. స్కాట్లండ్‌లో 1887లో కట్టింది, అంటే గార్వే ఈడుది. యుద్ధకాలంలో బొగ్గు మోసి మోసి అరిగిపోయింది. ఒప్పుకున్న ధర 1,65,000 డాలర్లు. ఆ ఓడ మీదే పనిచేసిన హ్యూ ముల్జాక్ అది 25,000కు మించి విలువ చెయ్యదని తర్వాత తన ఆత్మకథలో రాశాడు.

ఆరున్నర రెట్లు ఎలా పెరిగింది? ఓడల బ్రోకర్ పని ఎలా నడుస్తుందో చూస్తే అర్థమవుతుంది. అతనికి వచ్చేది ధర మీద కమీషన్. ధర ఎంత పెరిగితే అతనికి అంత లాభం. కానీ కొనేవాడి పక్కన కూర్చుని కొనేవాడి మనిషిలా మాట్లాడతాడు. మన పశువుల సంతలో బేరం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కండువా కింద దళారీ వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. అమ్మేవాడికి నొక్కిన వేళ్ళెన్నో, నీకు నొక్కిన వేళ్ళెన్నో నీకు తెలీదు. గేదె పళ్ళు చూడడం వచ్చిన మనిషి నీ వెంట ఉంటేనే బతుకుతావు.

గార్వే వెంట అలాంటి మనిషి ఉన్నాడనే అనుకున్నారు. కెప్టెన్ జాషువా కాక్‌బర్న్, నల్లవాడు, బ్రిటిష్ లైసెన్సు ఉన్నవాడు. ఓడ బాగుందన్నాడు. అమ్మకంలో అతనికీ వాటా ముట్టిందని తర్వాత బయటపడింది. దీన్ని దాచడం నాకు ఇష్టం లేదు. దళారీ ఎప్పుడూ తెల్ల చర్మంతోనే రాడు. మన వాడలోంచే, మన భాష మాట్లాడుతూ కూడా వస్తాడు. కాకపోతే కాక్‌బర్న్‌కి దక్కింది చిల్లర, అసలు సొమ్ము అమ్మినవాళ్ళకి పోయింది.

యార్మత్ కరీబియన్ రేవులకి వెళ్ళినప్పుడు కూలీలు పని మానేసి ఒడ్డుకొచ్చారు. నల్ల కెప్టెన్ నడిపే ఓడని కళ్ళారా చూడ్డానికి వచ్చారు. నా దృష్టిలో ఆ దృశ్యం ఏ లెక్కల పుస్తకానికీ తక్కువది కాదు. కానీ బాయిలర్‌కి ఆ దృశ్యంతో పనిలేదు. 1920 జనవరిలో మద్యనిషేధం మొదలయ్యే వేళ విస్కీ సరుకు ఎత్తుకుని బయల్దేరిన ఓడ, కొద్ది దూరంలోనే ఇబ్బందుల్లో పడింది. సరుకులో కొంత సముద్రం పాలైంది. ఇంకో ప్రయాణంలో జమైకా కొబ్బరికాయలు దారిలో ఊరూరా ఆగడంతో కుళ్ళిపోయాయి. ఆ తప్పు మాత్రం బ్రోకర్ది కాదు. ఓడని ప్రచారానికి వాడాలా వ్యాపారానికా తేల్చుకోని నాయకత్వానిది.

మిగతా రెండు ఓడల సంగతి పొడుగు చెయ్యను. 'షేడీసైడ్' 1873 నాటి విహార పడవ, 35,000 డాలర్లు. ఆ శీతాకాలానికే నీళ్ళెక్కి మూలపడింది. 'కనావా' ఒకప్పుడు స్టాండర్డ్ ఆయిల్ కోటీశ్వరుడు హెన్రీ రోజర్స్ షికారు నౌక, 60,000. బాయిలర్ పేలి, మళ్ళీ మళ్ళీ చెడిపోయి, చివరికి క్యూబాలో వదిలేశారు. యార్మత్‌ని 1921 చివర్లో వేలం వేస్తే తుక్కు కింద 1,625 డాలర్లు వచ్చింది.

గార్వేని జైలుకి పంపింది మాత్రం ఈ మూడూ కాదు, అసలు చేతికే రాని నాలుగో ఓడ. ఆఫ్రికా దాకా వెళ్ళగల పెద్ద ఓడ కావాలని అమెరికా షిప్పింగ్ బోర్డు దగ్గరున్న 'ఓరియన్' మీద కన్నేశారు. మధ్యవర్తి సిల్వర్‌స్టన్ అనే బ్రోకర్. కంపెనీ అతని చేతిలో పోసిన సొమ్మంతా బోర్డుకి చేరలేదు. మరోవైపు ప్రభుత్వ నిఘా విభాగం గార్వే సంస్థ గురించి బోర్డు చెవిలో వేసింది. బోర్డు భారీ పూచీ అడిగింది. బేరం చెడింది. ఈలోగా కంపెనీ కరపత్రంలో ఓరియన్ ఫొటో మీద 'ఫిలిస్ వీట్లీ' అని పేరు రాసి, అది తమ ఓడే అన్నట్టు అచ్చేశారు. ఫిలిస్ వీట్లీ పుస్తకం అచ్చయిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ కవయిత్రి, బానిసగా అమ్ముడుపోయిన పిల్ల. ఆ పేరే ఉరితాడైంది. జె. ఎడ్గార్ హూవర్ 1919 నుంచీ గార్వే మీద కేసు ఎలా పెట్టాలా అని చూస్తున్నాడు. తపాలా ద్వారా మోసం అనే నేరం దొరికింది.

1923లో విచారణ. బోనులో నలుగురు, నలుగురూ కంపెనీ మనుషులే. ముగ్గుర్ని వదిలేశారు. గార్వేకి అయిదేళ్ళ జైలు, 1,000 డాలర్ల జరిమానా. అంత విచారణలో నేరం రుజువైందన్నది ఒక్క అభియోగం మీద. దానికి ఆధారంగా చూపిన కవరు ఖాళీది, లోపల కాగితం లేదు. తుక్కుని ఆరున్నర రెట్లకి అంటగట్టిన వాళ్ళెవరూ ఆ బోనెక్కలేదు. వాళ్ళు చేసింది వ్యాపారం, వీళ్ళు చేసింది మోసం.

కంపెనీ లెక్కలు సరిగ్గా లేవని డుబాయిస్ అప్పుడే 'ది క్రైసిస్' పత్రికలో రాశాడు. అందులో న్యాయం ఉంది. కొనేముందు స్వతంత్రంగా సర్వే చేయించకపోవడం ఘోరం. అయితే డుబాయిస్ విమర్శతో ఆగిపోయే మిత్రులు ఒక్కటి ఆలోచించాలి. ఓడ అడుగు తట్టి చూసి లోపం చెప్పగల నల్ల ఇంజనీర్లు ఎందుకు దొరకలేదు? ముల్జాక్‌నే తీసుకోండి. 1918కే మాస్టర్ లైసెన్సు పరీక్ష పాసయ్యాడు. తెల్లవాళ్ళ కంపెనీలు అతన్ని ఓడ ఎక్కించుకున్నది వంటపనికి. తరతరాలుగా ఒక వృత్తి గుమ్మం తొక్కనివ్వకపోతే, ఒకరోజు డబ్బు పట్టుకుని లోపలికి పోయినా సరుకు ఎలా చూడాలో తెలీదు. ఆ తెలియనితనానికి వసూలు చేసిన పన్నే మిగతా 1,40,000 డాలర్లు.

మన సంఘాలు ఇప్పుడు చందాలెత్తి భవనాలకి స్థలం కొంటున్నాయి, హాస్టలుకి పాత బిల్డింగు చూస్తున్నాయి. లింకు డాక్యుమెంట్లు ఎవరు చదువుతున్నారు? మధ్యలో తిరిగే మనిషికి కమీషన్ ఇచ్చేది ఎవరు, మనమా, అమ్మేవాడా, ఇద్దరమూనా? ఈ ప్రశ్న కమిటీ మీటింగులో అడిగితే నాయకుడి మీద అనుమానం అనుకునే అలవాటు మనకుంది. అడగండి. గార్వేని కూడా ఎవరో ఒకరు అడిగి ఉండాల్సింది.

ముల్జాక్‌కి నల్లవాళ్ళు నడిపే ఓడ కాకుండా మరో ఓడలో కెప్టెన్ కుర్చీ దొరకడానికి 1942 దాకా పట్టింది. నల్లవాళ్ళతోనే నిండిన సిబ్బందిని ఇస్తామంటే ఒప్పుకోలేదు, అన్ని రంగులవాళ్ళూ ఉండాలన్నాడు. ఆ 'బుకర్ టి. వాషింగ్టన్' ఓడ కథ వచ్చే భాగంలో.