బొమ్మలో యంత్రము



యంత్రమునకు బొమ్మరూపము కల్పించుట నేటి యువకుల వెఱ్ఱివేడుక యని పెద్దలు కొందఱు తలంచుచున్నారు. కంప్యూటరునకు ఇనుపపెట్టె చాలదా, కన్నులును చెవులును ఏల యని వారి ప్రశ్న. దీనికి మా కొండాపూరు మట్టియే సమాధానము చెప్పగలదు.

సంగారెడ్డి ప్రాంతమునందలి యీ గ్రామము చెంత కోటగడ్డ యను దిబ్బ కలదు. నిజాము రాజ్య పురావస్తు శాఖవారు 1940-42 నడుమ దానిని త్రవ్వించిరి. ఖ్వాజా మహమ్మద్ అహమ్మద్ గారు ఆ పని నడపిరి. శాతవాహనుల నాటి ఇటుక కట్టడములు, నాణెములు, పూసలు, రోము చక్రవర్తి అగస్టసుని బంగారు నాణెము బయల్పడెను. వానితో మట్టిబొమ్మలును దొరకెను. అందు కేవోలిన్ అను తెల్లమట్టితో, రెండచ్చులతో చేసిన బోలుబొమ్మలు ముఖ్యములు. ముందుభాగ మొక అచ్చునను, వెనుకభాగ మొక అచ్చునను ఒత్తి, రెంటిని అతికించుట ఆ పద్ధతి. బోలుగా నున్నచో బొమ్మ తేలికయగును, మట్టి సమముగా కాలును. కాని ఆవమున పెట్టునపుడు లోని గాలికిని ఆవిరికిని దారి విడువవలెను, లేనిచో పగులును.

బొమ్మకు చలనము నీయవలె నను కోరికయు ప్రాచీనమే. పదునొకండవ శతాబ్దమున భోజరాజు సమరాంగణ సూత్రధారమున యంత్రములకై ఒక అధ్యాయమునే కేటాయించి, అందు కొయ్యతో చేసిన ద్వారపాలకుని గూర్చియు చెప్పెను. రోబోట్ అను పేరు మాత్రము క్రొత్తది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమున అది పుట్టెను. వెట్టిచాకిరి యను అర్థముగల మాటనుండి వచ్చెను. వెట్టివాడుగా పుట్టిన ఆ రోబోట్ తరువాత పిల్లల చెలికాడయ్యెను. 1969 డిసెంబరున జపానులో మొదలైన బొమ్మలకథలోని డోరేమాన్ అను యంత్రపు పిల్లి నేడు మన యిండ్లలోని బిడ్డలకును పరిచితమే.

గణకయంత్రములు మొదట బీరువాలంత యుండెడివి. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను వారి తొలినాటి యంత్రములును అట్టివే. యంత్రము చిన్నదైన కొలది పెట్టె రూపము మన యిచ్ఛకు లోబడెను.

నా పూర్వశిష్యు డొకడు పటాన్‌చెరు కర్మాగారమున పనిచేయుచు, సెలవుదినములలో తన కుమార్తెకై డోరేమాన్ రూపమున కంప్యూటరు పెట్టెను చేసెను. ముందు మదర్‌బోర్డు కొలతలు తీసి, అట్టపై గీసి, ప్లైవుడ్డుతో ఎముకలగూడు కట్టి, పైన పలుచని రేకు చుట్టెను. పొట్టమీది సంచి స్థానమున మీట నమర్చెను. రూపము ముద్దుగానే యుండెను గాని, కొంతసేపటికే యంత్రము వేడెక్కి తనంతట ఆగిపోయెను. ఇంటిపెద్దలు దానిని పాతసామానువానికి ఇచ్చివేయుమనిరి. అతడు వినక, పాదములక్రింద చల్లగాలికి రంధ్రములు పెట్టి, తలవెనుక వేడిగాలిని వెడలగొట్టు ఫ్యాను బిగించెను. యంత్రము నిలిచి పనిచేసెను.

రెండువేల యేండ్లనాటి కుమ్మరికిని ఈతనికిని ఎదురైన సమస్య యొక్కటే. బోలుగానున్న రూపమునకు ఊపిరి కావలెను. ఆ కుమ్మరి బొమ్మలను మనము నేడు భద్రముగా దాచి చూచుచున్నాము. ఈ బొమ్మను మాత్రము పారవేయుమనుట న్యాయమా? మీ యింట పిల్లవాడు ఇట్టి పనికి పూనుకొన్నచో, ఇదెందులకని కసరకుడు. లోని వేడి యెటు పోవునని యడుగుడు. ఆ ప్రశ్నతో అతని చేతిపని విద్యయగును.