కండరములకు వంటచెరకు

పాఠశాలలో ఆటల పోటీలు జరుగు దినమున తెల్లవారగానే పిల్లలకు ఎదురగు మొదటి ప్రశ్న పరుగును గూర్చినది కాదు, తిండిని గూర్చినది. ఏమి తిని మైదానమునకు పోవలెను? ఒకరు కోడిగ్రుడ్లు మ్రింగుమందురు. ఒకరు గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి త్రాగుమందురు. వట్టి కడుపుతో పోయిననే ఒడలు తేలికగా నుండునని మరియొకరి మతము. వ్యాయామశాలలలో రంగురంగుల డబ్బాలతో అమ్ముడగు పొడులు కూడ నేడు ఈ సలహాల వరుసలో చేరినవి. వీటితోపాటు అన్నము తిను పిల్లవాని చెవిని తరచుగా పడు మాట ఇంకొకటి కలదు: మాంసము లేనిదే బలము రాదని. ఈ మాట వెనుక ఒక మహాశాస్త్రజ్ఞుని పేరున్నది. దానిని పరీక్షించుటకు ఇద్దరు ఆచార్యులు ఒక కొండ ఎక్కవలసి వచ్చెను.

మాంసమునకును బలమునకును ముడిపెట్టుట ప్రాచీనమైన అలవాటే. క్రీ. శ. రెండవ శతాబ్దిలో గ్రీసుదేశమును తిరిగి చూచి వర్ణించిన పౌసానియస్, పూర్వపు క్రీడాకారులు పాలు విరిచి చేసిన జున్ను తిని సాధన చేసెడివారనియు, డ్రోమియస్ అను పరుగు వీరుడు మాంసాహారమును మొదట ప్రవేశపెట్టెననియు వ్రాసెను. ఇది అనుభవజ్ఞుల మాట. దానికి శాస్త్రపు ముద్ర వేసినవాడు జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడుగా నుండిన యూస్టస్ ఫాన్ లీబిగ్. 1842లో ప్రకటించిన జంతు రసాయనశాస్త్ర గ్రంథములో అతడు ఆహారమును రెండు తెగలుగా విభజించెను. నత్రజని గల మాంసకృత్తులు శరీరమును నిర్మించును; కండరమునకు పనిచేయు శక్తినిచ్చునవియు అవియే. నత్రజని లేని పిండి, చక్కెర, క్రొవ్వు ఒంటికి వెచ్చదనము నిచ్చుటకు మాత్రమే పనికివచ్చును. కండరము మాంసకృత్తుతో నిర్మితమైనది గనుక పనిచేసినపుడెల్ల తన పదార్థమునే కొంత ఖర్చు చేసికొనును. ఆ లోటును మాంసము తిని పూడ్చుకొనవలెను. వినుటకు ఈ వాదము ఎంతో సబబుగా నున్నది. పైగా ఆ కాలమున లీబిగ్ మాటకు ఎదురాడగలవారు అరుదు.

అయితే ఆ వాదమును పరీక్షించు ఉపాయము ఆ వాదములోనే దాగియున్నది. శరీరములో మాంసకృత్తు దగ్ధమైనపుడు అందలి నత్రజని చాలవరకు యూరియాగా మారి మూత్రముతో వెలికి పోవును. కనుక మూత్రములోని నత్రజనిని తూచినచో ఎంత మాంసకృత్తు ఖర్చయినదో లెక్క కట్టవచ్చును. చేసిన పనిని కొలుచుట అంతకంటె సులభము. కొండ ఎక్కిన మనిషి బరువును అతడు ఎక్కిన ఎత్తుతో గుణించిన చాలును.

జూరిక్ నగరమున శరీరధర్మశాస్త్రమును బోధించు ఆడాల్ఫ్ ఫిక్, రసాయనశాస్త్రమును బోధించు యోహానెస్ విస్లిసేనస్ ఈ లెక్కను తమ శరీరములమీదనే కట్టదలచిరి. బ్రియెంజ్ సరస్సు ఒడ్డునుండి నిట్టనిలువుగా లేచు ఫౌల్‌హార్న్ శిఖరమును ఎన్నుకొనిరి. దారి ఏటవాలుగా నుండుట ఒక సౌకర్యము. శిఖరముమీద ఒక హోటలు ఉండుట రెండవ సౌకర్యము. రాత్రి అక్కడ వెచ్చగా పండుకొని లెక్క చెడకుండ ప్రయోగమును ముగింపవచ్చును. శాస్త్రజ్ఞులును మనుష్యులే గదా!

1865 ఆగస్టు 29 మధ్యాహ్నమునుండి వారు నత్రజని గల ఆహారమును పూర్తిగా మానివేసిరి. పిండిని నీటిలో ఉడికించి, చిన్న బిళ్ళలుగా చేసి, క్రొవ్వులో వేయించుకొని తినిరి. చక్కెర కలిపిన టీ త్రాగిరి. మాంసము, గ్రుడ్డు, పాలు, రొట్టె ఏమియు లేవు. లీబిగ్ సిద్ధాంతము ప్రకారము ఇట్టి తిండితో ఒళ్ళు వెచ్చబడునే గాని కాలు ముందుకు సాగుటకు ఆహారమునుండి సహాయము దొరకదు. మరునాటి ఉదయము 5 గంటల 10 నిమిషములకు బయలుదేరి మధ్యాహ్నము 1 గంట 20 నిమిషములకు శిఖరము చేరిరి. ఎక్కిన నిలువు ఎత్తు 1,956 మీటర్లు. దారి పొడవునను, శిఖరము చేరి విశ్రమించిన సాయంకాలమువరకును మూత్రమును వేరువేరుగా సీసాలలో పట్టి ఉంచిరి. రాత్రి 7 గంటలకు గాని మాంసముతో కూడిన భోజనమునకు కూర్చుండలేదు. ఆ దినమున వారికి పెద్ద అలసటయేమియు తోచలేదు.

ఇక లెక్క. ఫిక్ బరువు 66 కిలోలు, విస్లిసేనస్ బరువు 76 కిలోలు. తమ శరీరములను పైకి మోసికొనిపోవుటకే మొదటివాడు సుమారు 1,29,000 కిలోగ్రాము-మీటర్ల పని, రెండవవాడు సుమారు 1,48,600 కిలోగ్రాము-మీటర్ల పని చేసిరి. గుండె కొట్టుకొనుట, ఊపిరి పీల్చుట, చేతులు ఊపుట ఇందులో చేరలేదు. మూత్రములోని నత్రజనినిబట్టి చూడగా ఒక్కొక్కరు ఖర్చు చేసిన మాంసకృత్తు 37 గ్రాములు మాత్రమే. ఆ 37 గ్రాములు దగ్ధమైన ఎంత శక్తి వచ్చును? 1865లో ఆ అంకె ఎవరికిని తెలియదు. వారిద్దరును ఎంత ఉదారముగా అంచనా వేసికొన్నను చేసిన పనికి చాలలేదు.

ఆ అంకెను తెచ్చినవాడు ఇంగ్లండు రసాయనశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్. అతడు ఫిక్‌కు బావ కూడ. ఫిక్ సోదరి సోఫీని వివాహమాడినవాడు. 1866లో అతడు ఆహారపదార్థములను ఒక ఉష్ణమాపకములో కాల్చి వాటి వేడిని కొలిచెను. యూరియాతో వెలికిపోవు భాగమును తీసివేయగా గ్రాము మాంసకృత్తుకు దక్కునది సుమారు 4.4 కిలో కేలరీలు. ఆ చొప్పున 37 గ్రాములకు వచ్చు పని సుమారు 69,000 కిలోగ్రాము-మీటర్లు. అనగా ఫిక్ చేసిన పనిలో రమారమి సగము. కండరము తనకు దొరకిన శక్తిలో నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలదనియు, తక్కినది వేడిగా పోవుననియు నేడు తెలిసియున్నది. దానిని కూడ లెక్కలో చేర్చినచో మాంసకృత్తు వంతు ఇంకను చిన్నదగును. ఆ ఆచార్యులను కొండ ఎక్కించినవి పిండిబిళ్ళలు, క్రొవ్వు, టీలోని చక్కెర, వాటికి తోడు శరీరములోని పూర్వపు నిలువలు. అదే కాలమున మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్, వోయిట్ అనువారు ఒక మనిషిని గదిలో కూర్చుండబెట్టి చక్రము త్రిప్పించి చూచిరి. వదలిన బొగ్గుపులుసు వాయువు ఎంతో పెరిగినది. మూత్రములోని నత్రజని మాత్రము పెరుగలేదు.

సిద్ధాంతము కూలినను నమ్మకము కూలలేదు. లీబిగ్ పేరుతో 1865లో స్థాపితమైన మాంసరసపు కంపెనీ దక్షిణ అమెరికాలోని పశువులనుండి సారము తీసి లోకమంతట అమ్మెను. 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్ క్రీడలలో మారథాను గెలిచిన థామస్ హిక్స్‌కు దారిలో పచ్చి గ్రుడ్డుసొనతోపాటు బ్రాందియు, స్ట్రిక్నైన్ అను మందును ఇచ్చిరి. ముషిణి గింజలలోని విషమే ఈ స్ట్రిక్నైన్. అతడు గెలిచెను గాని చావు తప్పి బయటపడెను.

మాంసకృత్తు ప్రధానమైన వంటచెరకు కాదని తేలిన పిమ్మట పిండికిని క్రొవ్వుకును మధ్య తగవు మిగిలినది. డెన్మార్క్ శాస్త్రజ్ఞులు క్రోగ్, లిండ్‌హార్డ్ 1920లో కదలని సైకిలు త్రొక్కించి దీనిని పరిశీలించిరి. కొన్ని దినములు క్రొవ్వే తిన్నవారు అదే పనికి నూటికి సుమారు పదివంతుల శక్తిని ఎక్కువగా ఖర్చుచేసిరి, త్వరగా అలసిరి. కారణము కొంతవరకు సులభముగా బోధపడును. ఒక లీటరు ఆమ్లజనితో పిండిపదార్థము దగ్ధమైన సుమారు 5 కిలో కేలరీలు వచ్చును, క్రొవ్వు దగ్ధమైన 4.7 మాత్రమే వచ్చును. ఊపిరి అందని వేళ ఆ తేడా చిన్నది కాదు.

1924లో అమెరికాలోని బోస్టన్ నగరపు వైద్యులు అచటి మారథాను ముగించిన పరుగుగాండ్ర రక్తమును పరీక్షించిరి. ముఖము వెలవెలబోయి, సోలిపోవుచు గమ్యము చేరిన వారిలో రక్తపు చక్కెర మిక్కిలి తగ్గియుండెను. మరుసటి సంవత్సరము పందెమునకు ముందటి దినమున పిండిపదార్థములు విరివిగా తినిపించి, పరుగు నడుమ మిఠాయి బిళ్ళలిచ్చిరి. ఈసారి చక్కెర పడిపోలేదు. పరుగుగాండ్రు మెరుగైన స్థితిలో గమ్యము చేరిరి.

ఆ సంవత్సరములలోనే, ఆ నగరముననే, హార్వర్డు వైద్య కళాశాలలో ఒక తెలుగువాడు కండరముల రసాయనమును శోధించుచుండెను. భీమవరమున 1895లో జన్మించి 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, తన గురువు సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరములోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును బయటపెట్టెను. 1929లో ఏ.టి.పి.ని వేరుచేసెను. దాదాపు అదే సమయమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. కండరము సంకోచించుటకు నేరుగా వినియోగించునది ఏ.టి.పి.; అది తరిగిన క్షణముననే దానిని తిరిగి నింపునది ఫాస్ఫోక్రియాటిన్. కాని ఈ నిలువ పూర్తి వేగముతో పరుగెత్తువానికి కొద్ది క్షణములకు మాత్రమే సరిపోవును. తరువాత పిండిపదార్థమును, క్రొవ్వును దగ్ధము చేయుచుండవలసినదే.

పిండిపదార్థము ఎక్కడ నిలువయుండును? కాలేయములో గ్లైకోజను (జంతుపిండి) ఉన్నదని ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ 1857 నాటికే వేరుచేసి చూపెను. కండరములలోనిదానిని బ్రతికియున్న మనిషిలో కొలుచుట మాత్రము చాలకాలము సాధ్యము కాలేదు. 1962లో స్వీడన్ వైద్యుడు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ ఒక సూదితో తొడనుండి కండరపు ముక్కను తీయు పద్ధతిని ప్రకటించెను. 1966లో అతడును ఎరిక్ హుల్ట్‌మన్‌ను ఒకే సైకిలుకు చెరియొక ప్రక్క కూర్చుండి, ఒక్కొక్క కాలితో మాత్రమే త్రొక్కి అలసిపోయిరి. త్రొక్కిన కాలిలో గ్లైకోజను ఇంచుమించు అడుగంటెను. పిదప మూడు దినములు పిండిపదార్థములే తినగా ఆ కాలిలో నిలువ రెండవ కాలిలోని దానికి రెట్టింపయ్యెను. రెండు కాళ్ళకును అందిన రక్తమొక్కటే, తిన్న తిండి ఒక్కటే. పనిచేసి ఖాళీయైన కండరమే నిలువను లాగికొన్నదన్నమాట. 1967లో వారి బృందము ఈ నిలువకును ఓపికకును గల సంబంధమును చూపెను. సాధారణ భోజనముతో సగటున 114 నిమిషములు త్రొక్కగలిగినవారు పిండిపదార్థము మానినపుడు 57 నిమిషములకే ఆగిపోయిరి. దానిని విరివిగా తినినపుడు 167 నిమిషములు త్రొక్కిరి.

కనుక పోటీ దినమున ఉదయము తిన్నది కండరములలో అప్పటికప్పుడు బలమై కూర్చుండదు. ముందటి ఒకటి రెండు దినముల అన్నము, రొట్టె, దుంపలు అక్కడ చేరియుండును. ఉదయపు తిండికి వేరొక పని కలదు. రాత్రి నిద్రలో మెదడును పోషించుటకై కాలేయపు నిలువ చాల తరిగిపోవును. దానిని తిరిగి నింపవలెను. గంటకు మించి సాగు శ్రమకు ముందు, ఒకటి మొదలు నాలుగు గంటల వ్యవధినుంచి, కిలో బరువుకు ఒకటి మొదలు నాలుగు గ్రాముల పిండిపదార్థము తినవలెనని నేటి క్రీడాపోషణ శాస్త్రజ్ఞుల సలహా. 50 కిలోల విద్యార్థి కిలోకు 2 గ్రాముల వంతున తినిన 100 గ్రాములగును. రమారమి 130 గ్రాముల బియ్యము వండిన అన్నము చాలును. వ్యవధి తక్కువైనచో అరటిపండు, పలుచని జావ నయము. నూనె వంటకములు కడుపులో నిలిచి బాధించును. నూరు మీటర్ల పరుగునకు ఈ లెక్కలతో పనియే లేదు. ఇక మాంసకృత్తు వంటచెరకు కాకపోయినను పొయ్యిని బాగుచేయు మట్టి వంటిది. సాధన చేయువారికి అది ఇతరులకంటె కొంత ఎక్కువే కావలెను. పప్పు, పాలు, గ్రుడ్లు అందుకు సరిపోవును.

డబ్బాలలోని పొడులలో తరచుగా నుండు కెఫీను కాఫీలోని పదార్థమే. అది శక్తినీయదు; మెదడునకు అలసట వార్తను చేరవేయు అడినోసిన్ పనిని అడ్డగించును. సుబ్బారావు ఫాస్ఫోక్రియాటిన్‌లోని క్రియాటిన్ కూడ నేడు పొడిగా అమ్ముడగుచున్నది. దానిని తినిన కండరములలో నిలువ పెరుగునని 1992లో చూపిన ముగ్గురిలో ఒకడు ఒంటికాలితో సైకిలు త్రొక్కిన హుల్ట్‌మనే. అయితే అది వరుసగా కొన్ని దినములు తినినగాని నిలువ నిండదు.

2004లో బయటపడిన సంగతి మరియు విచిత్రము. సుమారు గంటసేపు సైకిలు త్రొక్కువారు రుచిలేని పిండిపదార్థపు ద్రావణమును నోట పుక్కిలించి, ఒక్క చుక్కయు మ్రింగక ఉమిసివేసిరి. అయినను నూటికి సుమారు మూడువంతులు త్వరగా పని ముగించిరి. గ్లూకోజును నేరుగా రక్తనాళములోనికి ఎక్కించినపుడు ఆ లాభము కనబడలేదు. పిండి వచ్చుచున్నదను కబురు నాలుకనుండి మెదడునకు ఏ దారిని పోవుచున్నదో శాస్త్రజ్ఞులు ఇంకను వెదకుచున్నారు.